ముక్కులేని ఒకటి

పరీక్షకు ఇంకా తొమ్మిది రోజులున్నాయనగా, ఒక శనివారం సాయంత్రం, మనవరాలు బడి నుంచి వచ్చి టైపు మిషను మీద కప్పిన గుడ్డ తీయకుండా నేరుగా వంటింట్లోకి పోయింది. ముందుగదిలో కూర్చున్న తాతకు అప్పుడే తెలిసిపోయింది, ఏదో జరిగిందని. రెండేళ్ళుగా ఆ పిల్ల పుస్తకాల సంచీ దించీ దించకముందే ఆ గుడ్డ తీసేది. మంచినీళ్ళు తాగడం కూడా ఆ తర్వాతే.

వీధిలో ఆయన్ని టైపు తాత అంటారు. అసలు పేరు పోస్టుమాన్‌కి తప్ప ఎవరికీ గుర్తు లేదు, ఆ పోస్టుమాన్ కూడా ఈమధ్య టైపు తాతగారూ అనే కేకేస్తున్నాడు. ఒకప్పుడు ఆయన పెద్దాసుపత్రి ఆఫీసులో టైపిస్టు. కళ్ళు కాగితం మీద, వేళ్ళు మీటల మీద, మనసు ఇంకెక్కడో పెట్టి నిమిషానికి డెబ్బై మాటలు కొట్టేవాడు. ఈ సంగతి ఆయన అడిగినవాళ్ళకీ చెప్పేవాడు, అడగనివాళ్ళకీ చెప్పేవాడు. ఆ ఉద్యోగం ఎందుకు మానేశాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మనవరాలిది హైస్కూల్లో ఆఖరి ఏడు. ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అనే సబ్జెక్టులో సగం మార్కులు రాతకి, సగం ప్రాక్టికల్‌కి. బళ్ళో పిల్లలు నలభై ముగ్గురు, కంప్యూటర్లు పన్నెండు, అందులో రెండు ఎప్పుడూ రిపేరులోనే. ఒక్కో కంప్యూటరు ముందు నలుగురు కూర్చుంటే ఒకరు కొడతారు, ముగ్గురు చూస్తారు. ఇంట్లో కంప్యూటరు లేదు. కొడుకూ కోడలూ బట్టల ఫ్యాక్టరీలో చెరో షిఫ్టు చేస్తారు, అది కొనే ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. అందుకని టైపు తాతే ఒక ఉపాయం చెప్పాడు.

"కంప్యూటరైనా మిషనైనా అక్షరాల వరస ఒక్కటేనే అమ్మలూ. వేళ్ళు నా దగ్గర నేర్చుకో. మిగతాది మీ సారు చెప్తాడు."

అలా రెండేళ్ళు నేర్పాడు. తన గురువు తనకు నేర్పినట్టే, పిల్ల చేతుల మీద తువ్వాలు కప్పి నేర్పాడు. మీటల వంక చూస్తే స్కేలుతో బల్ల మీద కొట్టేవాడు. పిల్లను కొట్టడానికి చెయ్యి రాలేదు గానీ, బల్లకు మాత్రం సొట్టలు పడ్డాయి. క్లాసులో అందరికంటే వేగంగా కొట్టేది ఈ పిల్లేనని సారు ఒకసారి అన్నాడట. ఆ ముక్క విన్నాక ముసలాయన నాలుగు రోజులు నేల మీద నడవలేదు.

ఆ శనివారం నాయనమ్మ వంటింట్లోంచి పిల్లను చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి తీసుకొచ్చింది. పిల్ల కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చేతిలో ఒక అచ్చు కాగితం ఉంది. దాని మీద ఎర్రసిరాతో ఇరవై అయిదుకు తొమ్మిది అనీ, కింద 'శ్రద్ధ లేదు' అనీ రాసి ఉంది.

"ప్రీ ఫైనల్ ప్రాక్టికల్ పెట్టారు తాతయ్యా. ఒక్కొక్కరం విడిగా కూర్చుని చెయ్యాలి. అయిదుగురు పిల్లల మార్కులు ఎక్కించి, టోటల్ వెయ్యమన్నారు. నేను అందరికంటే ముందే లేచాను. టోటల్సు తప్పొచ్చాయి."

"ఫార్ములా తప్పు రాశావేమో."

"ఫార్ములా సరిగ్గానే ఉందని సారే అన్నాడు. అంకెలు కూడా సరిగ్గానే ఉన్నాయి. మూడుసార్లు చూసుకున్నాను." పిల్ల ముక్కు తుడుచుకుంది. "సారు నా పక్కన కూర్చుని, అదే కంప్యూటర్లో, అవే అంకెలు కొట్టాడు. సరిగ్గా వచ్చింది. నేను కొడితే రాలేదు. నీ చేతిలోనే ఏదో ఉందే అని అందరూ నవ్వారు."

టైపు తాత కాగితం అందుకోబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నేను పరీక్షకు వెళ్ళను తాతయ్యా. ప్రాక్టికల్ తప్పితే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో సీటివ్వరు. తప్పి ఇంట్లో కూర్చునేకంటే అసలు రాయకుండా కూర్చుంటాను."

నాయనమ్మ ఆయన వంక చూసింది. ఏదైనా చెప్తాడని. ఆయన లేచి పెరట్లోకి పోయాడు.

అదే మెషీను, అవే అంకెలు, ఇంకొకరు కొడితే సరి, తను కొడితే తప్పు. ఈ మాట ఆయన విని ఇరవై రెండేళ్ళయింది. అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ ఇవాళ మనవరాలి నోట విన్నాడు.

ఆ ఏడాది ఆసుపత్రి ఆఫీసుకు మొదటి కంప్యూటరు వచ్చింది. అంతకుముందు ఏ వార్డులో ఎంతమంది రోగులో టైపు చేస్తే, పెద్దగుమాస్తా పెన్నుతో కూడి మందుల స్టోరుకు పంపేవాడు. ఇప్పుడు కూడే పని మెషీనే చేస్తుందన్నారు. అంకెలు ఎక్కించే పని టైపు తాతకిచ్చారు, ఆయనకంటే వేగంగా కొట్టేవాడు అక్కడ లేడు గనక. మొదటి నెల ఎక్కడో కాస్త తేడా వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. రెండో నెల మందలించారు. మూడో నెల పిల్లల వార్డుకు నాలుగు వారాల లెక్క: నూట పద్దెనిమిది, నూట ఇరవై ఒకటి, తొంభై ఆరు, నూట పదమూడు. కూడితే నాలుగు వందల నలభై ఎనిమిది. మెషీను తొంభై ఆరు అంది. కంప్యూటరు తప్పు చెయ్యదని అందరికీ నమ్మకం, పెద్దగుమాస్తా చూడకుండా సంతకం పెట్టాడు. తొంభై ఆరుగురు పిల్లలకు సరిపడా సెలైన్ సీసాలు వచ్చాయి.

వార్డు నర్సు సీసాలు లేని ట్రే పట్టుకుని ఆఫీసులోకి వచ్చి, ఆయన బల్ల మీద పెట్టింది. "తల్లులకు నేనేం చెప్పాలి, మీరే వచ్చి చెప్పండి," అంది. గట్టిగా కూడా అనలేదు. పక్క వార్డుల నుంచి సర్దారు, ఏ పిల్లకూ ఏమీ కాలేదన్నారు. ఆయన ఆ మాట నమ్మలేదు, నమ్మకపోవడానికి రుజువూ లేదు. అంకెలన్నీ సరిగ్గానే కొట్టానండీ, మెషీనే తప్పు కూడుతోంది అని మొరపెట్టుకున్నాడు. పెద్దగుమాస్తా పదిమందిలో "ఆడలేక మద్దెల ఓడు" అన్నాడు. కంప్యూటరు కుర్రాడు అక్కడే కూర్చుని అవే అంకెలు కొట్టి చూపించాడు. నాలుగు వందల నలభై ఎనిమిది వచ్చింది.

కళ్ళు బాగానే ఉన్నాయని కళ్ళ డాక్టరు చెప్పాడు. కళ్ళు కాకపోతే బుర్రే అనుకున్నాడు టైపు తాత. మూడుసార్లు సరిచూసి కూడా తప్పు కనపడలేదంటే చూసే బుర్రే చెడిపోయిందన్నమాట. మర్నాడు రాజీనామా కాగితం టైపు చేసి ఇచ్చాడు. అందులో ఒక్క తప్పు లేదు. ఆనాటి నుంచి ఆయన రెండు అంకెలు కూడింది లేదు. ఇంటి లెక్కలు భార్య చూసుకుంది. బస్సు నంబరు కూడా ఆమెనే చదవమనేవాడు. ఉత్తరాలు, అర్జీలు టైపు చేస్తూ బతుకు వెళ్ళదీశాడు, వాటిలో కూడికలుండవు గనక.

ఇన్నాళ్ళూ తన ఒక్కడితో పోయిందనుకున్న తెగులు. పిల్ల చేతుల మీద తువ్వాలు కప్పి తనే ఎక్కించాడా దాన్ని? పెరట్లో తీగకు ఆరేసిన బట్టల మధ్య నిలబడి ఆయన ఏడ్చాడు. దుప్పటి అడ్డం ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం పిల్ల పడుకుంది. కాగితం బల్ల మీద అలాగే పడి ఉంది. ఆయన చాలాసేపు దాని చుట్టూ తిరిగాడు. నీళ్ళు తాగాడు. అక్కర్లేకపోయినా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. చివరికి కుర్చీ లాక్కుని, పెన్సిలు తీసుకుని, ఇరవై రెండేళ్ళ తర్వాత మొదటి కూడిక వేశాడు.

అరవై ఒకటి, డెబ్బై అయిదు, నలభై ఎనిమిది. నూట ఎనభై నాలుగు రావాలి. కాగితం మీద నూట ఇరవై మూడు ఉంది. తేడా అరవై ఒకటి. రెండో వరస యాభై రెండు, అరవై ఏడు, ఎనభై. నూట తొంభై తొమ్మిది, సరిపోయింది. మూడో వరస డెబ్బై ఒకటి, పద్దెనిమిది, నలభై అయిదు. నూట ముప్ఫై నాలుగు రావలసిన చోట మెషీను నలభై అయిదు అంది. ఆయన పెన్సిలు ఆగింది. మెషీను తప్పు కూడటం లేదు. కొన్ని అంకెలను అసలు ముట్టుకోవడం లేదు. అరవై ఒకటిని వదిలేసింది. డెబ్బై ఒకటిని, పద్దెనిమిదిని వదిలేసింది. నాలుగో వరసలో తొంభై ఒకటిని వదిలేసింది. ఒకటి ఉన్న ప్రతి అంకెనూ వదిలేసింది.

కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. టైపిస్టు కన్ను అక్షరం వంపు దగ్గర పని చేస్తుంది, అర్థం దగ్గర కాదు. మెషీను తనంతట తను వేసిన టోటల్ నూట ఇరవై మూడులో ఒకటికి తల దగ్గర చిన్న ముక్కు ఉంది. పిల్ల కొట్టిన అరవై ఒకటిలో ఒకటికి ముక్కు లేదు, నిటారు గీత మాత్రమే.

ఆయన వచ్చి టైపు మిషను మీద గుడ్డ తీశాడు. పై వరస అంకెలు రెండుతో మొదలవుతాయి. ఆ మిషనులో ఒకటి లేదు. ఆ కాలపు మిషన్లు చాలావాటికి ఉండేది కాదు. ఒకటి కావలసి వస్తే కుడి ఉంగరం వేలితో ఇంగ్లీషు చిన్న ఎల్ అక్షరం నొక్కేవారు. కాగితం మీద రెండూ ఒకేలా పడేవి, చదివే మనిషికి తేడా లేదు. గురువు అలాగే నేర్పాడు, ఆయనా అలాగే నేర్పాడు. మనుషులు చదివినన్నాళ్ళూ ఏ గొడవా రాలేదు. మెషీను చదివినప్పుడు అది అక్షరాన్ని చూసి, ఇది అంకె కాదు, నాకెందుకని పక్కన పెట్టింది.

నూట పద్దెనిమిది, నూట ఇరవై ఒకటి, నూట పదమూడు. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

పిల్లను లేపి పాఠ్యపుస్తకం తెమ్మన్నాడు. అందులో కీబోర్డు బొమ్మ చూపించి, "ఒకటి ఎక్కడుందే?" అని అడిగాడు.

పిల్ల పై వరస ఎడమ చివర వేలు పెట్టి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. "నేనెప్పుడూ ఇటు చూళ్ళేదు తాతయ్యా. చూడకుండా కొట్టాలన్నావుగా."

"అన్నాను. నేనే అన్నాను."

"మరి నీకెవరూ చెప్పలేదా?"

"తెలిసుంటే చెప్పేవాళ్ళే. వాళ్ళకేం తెలుసు, నా వేలు ఎటు పోతోందో." అని పుస్తకం మూసి, "ఇంక ఎనిమిది రోజులున్నాయి. ఈ ముసలాడు రెండేళ్ళు చెడగొట్టింది ఎనిమిది రోజుల్లో బాగు చెయ్యాలి. లే, మొహం కడుక్కో," అన్నాడు.

తెలుసుకోవడం ఒక నిమిషం పని. వేలికి చెప్పడం అలా కాదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, తువ్వాలు కింద నేర్చిన బుద్ధి కూడా ఇంచుమించు అంతే. పిల్లకు అంతా తెలుసు, అయినా ఒకటి అనగానే ఉంగరం వేలు దానంతటది వాలిపోయేది. టైపు తాత మిషను మూతపెట్టి తాళం వేసి, తాళంచెవి భార్యకిచ్చాడు. పాత అట్టపెట్టె చింపి, దాని మీద కీబోర్డు మొత్తం సరైన కొలతలతో గీశాడు. ఒకటి అంకెను ముక్కుతో సహా గీశాడు. పొద్దున గంట, సాయంత్రం రెండు గంటలు ఎదురుగా కూర్చుని అంకెలు చెప్పేవాడు. పదకొండు, నూట పదకొండు, డెబ్బై ఒకటి, పదిహేను. ఈసారి తువ్వాలు లేదు. "చూసి కొట్టు," అనేవాడు. ఆ మాట అనడానికి ఆయనకు నోరు వచ్చేది కాదు, అయినా అనేవాడు.

పిల్ల సంగతంతా సారుతో చెప్పింది. ఆయన ఆ తర్వాత భోజనాల గంటలో ల్యాబు తెరిచి పెట్టడం మొదలుపెట్టాడు. 'శ్రద్ధ లేదు' అన్న మాటను కొట్టేసి ఇంకో కాగితం ఇవ్వలేదు గానీ, ఆ అరగంటా తనే పక్కన కూర్చునేవాడు.

అయిదో రోజుకు యాభై అంకెల్లో తప్పులు నాలుగుకు దిగాయి. ఏడో రోజు రెండు. ఆ రెండు మాత్రం కదల్లేదు. ఆఖరి సాయంత్రం పిల్ల అట్టను పక్కకు తోసి, "రేపు కూడా వేలు పోతే?" అంది.

"పోతుంది," అన్నాడు తాత. "పోకుండా చెయ్యడం నా వల్ల కాలేదు. అందుకని టోటల్ వేశాక వెనక్కి వెళ్ళి ఒకట్లన్నీ చూడు. నేను మూడుసార్లు చూశాను, అయినా దొరకలేదు, ఎందుకంటే దేనికోసం చూడాలో నాకు తెలియదు. నీకు తెలుసు."

పరీక్ష రోజు పొద్దున్నే ముగ్గురూ బయల్దేరారు. పరీక్ష కేంద్రం రెండు బస్టాపుల అవతల, పెద్దరోడ్డు దాటాక. పిల్ల లోపలికి వెళ్ళింది. ఎదురుగా, రోడ్డుకు ఇవతలి పక్క, మూతపడిన కొట్టు అరుగు మీద ముసలాళ్ళిద్దరూ కూర్చున్నారు. అక్కడి నుంచి ఆ బడి గేటు కనిపిస్తుంది. గంటన్నర పరీక్ష. పావుగంట గడిచాక టైపు తాత నోరు విప్పాడు. మందుల సీసాల సంగతి, ముక్కులేని ఒకటి సంగతి, మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. ఎనిమిది రోజులుగా ఇంట్లోనే ఉన్నా, ఆమెకు చెప్పడానికి ధైర్యం చాలలేదు.

"తప్పు నాదే," అన్నాడు. "ఆ మీట నొక్కింది నా వేలే. ఆ నెల పసిపిల్లలకు మందులు తగ్గింది నా వల్లే, దాన్ని ఇప్పుడెవరూ మార్చలేరు. కానీ నా బుర్ర పోలేదు. అప్పుడూ పోలేదు."

నాయనమ్మ సంతోషిస్తుందనుకున్నాడు. ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ గేటు వంకే చూస్తోంది.

"ఆ రోజు మీరు ఇంటికొచ్చి, నా బుర్ర పోయిందే అన్నారు," అంది చివరికి. "నేను నమ్మాను."

"నేను చెప్తే నమ్మావు. అందులో నీ తప్పేముంది."

"మీకు తెలియదు. మీరు స్టవ్ కట్టేసి వచ్చాక, నేను మళ్ళీ వెళ్ళి చూసేదాన్ని. తలుపు గడియ వేసి వస్తే, మళ్ళీ చూసేదాన్ని. నిన్న కూడా చూశాను." ఆమె గొంతు తగ్గింది. "పిల్ల పుట్టినప్పుడు కోడలితో చెప్పాను. దీన్ని ఆయన చేతికిచ్చి ఒంటరిగా బయటికి పంపకమ్మా, ఎక్కడైనా మర్చిపోయి వస్తాడు అని. ఈ పదహారేళ్ళలో ఒక్కనాడు కూడా పంపలేదు. మీకు మోకాళ్ళ నొప్పులని చెప్పి నేనే తీసుకెళ్ళేదాన్ని."

ఆయనకు మోకాళ్ళ నొప్పులు ఎప్పుడూ లేవు. పిల్లను బడికి తనను ఎందుకు తీసుకెళ్ళమనరో అని చాలా ఏళ్ళు అనుకున్నాడు. తర్వాత అనుకోవడం మానేశాడు. ఇప్పుడు తెలిసింది. కోపం వస్తుందేమోనని చూసుకున్నాడు. రాలేదు. మనసులోకి వచ్చింది కోపం కాదు, ఇంత కాలం ఈవిడ ఒక్కత్తే రెండోసారి లేచి వెళ్ళి చూసిన తలుపు గడియల లెక్క.

"నేనైనా అలాగే చేసుండేవాణ్ణి," అన్నాడు.

పరీక్ష ముగిసే వేళయింది. గేటు దగ్గర బంట్రోతు గంట కొట్టడానికి వెళ్తుంటే నాయనమ్మ లేచి చీర దులుపుకుంది.

"నేను వెళ్ళి వంట చూస్తాను. పిల్లను మీరు తీసుకురండి."

"నువ్వు ఒక్కదానివీ వెళ్తావా?"

"వెళ్తాను." రెండడుగులు వేసి ఆగింది. కొంగు సర్దుకుని బస్టాపు వైపు నడిచింది. ఒకసారైనా తిరిగి చూస్తుందేమోనని ఆయన ఎదురుచూశాడు. బస్సు ఎక్కేదాకా ఆమె చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో ఆ నడకలోనే తెలిసింది.

ఆయన రోడ్డు దాటి గేటు పక్కన నిలబడ్డాడు. పిల్లలు గుంపులుగా వచ్చారు. మనవరాలు అందరి వెనక వచ్చింది.

"మూడుసార్లు పోయింది వేలు," అంది రాగానే. "రెండు నేనే పట్టుకున్నాను. మూడోది టోటల్ చూశాక దొరికింది. తుడిచి మళ్ళీ కొట్టాను. అన్నీ కలిశాయి తాతయ్యా."

ఆయన తల ఊపాడు. 

పిల్ల అటూ ఇటూ చూసింది. "నాయనమ్మ ఏదీ?"

"ఇంటికెళ్ళింది. నిన్ను తీసుకురమ్మని నాకు చెప్పింది."

పిల్ల ఆయన మొహం వంక చూసింది, తర్వాత రోడ్డు వంక చూసింది. పరీక్ష అట్ట ఆయన చేతికిచ్చింది. ఆ పిల్లకు పదహారేళ్ళు, రోజూ ఇలాంటి రోడ్లు ఒక్కతే దాటుతుంది. లారీ ఒకటి పోయింది, దాని వెనక రెండు ఆటోలు పోయాయి, రోడ్డు ఖాళీ అయింది. అయినా పిల్ల కదల్లేదు. తాతయ్య అడుగు వేసేదాకా ఆయన పక్కనే నిలబడి ఉంది.